కోపము లేకుండా గడిచిన దినములు

మా ప్లాంటు బస్సుకు హారన్ అనేది ఒకటుందని దాదాపు ఏడాది పాటు అందరం మర్చిపోయాం. అది చెడిపోయి కాదు. దాన్ని నొక్కాల్సిన మనిషి పరిశుద్ధుడైపోయాడు.

ఆ మనిషి పేరు రూఫస్. నెల్లూరు నుంచి ముత్తుకూరు మీదుగా, కృష్ణపట్నం దగ్గరున్న మా థర్మల్ ప్లాంటుకు మమ్మల్ని రోజూ తీసుకుపోయే డ్రైవరు. నేను అదే ప్లాంటు ఫస్ట్ ఎయిడ్ గదిలో నర్సుని, నా పేరు కరుణాకుమారి. పైగా రూఫస్ వాళ్ళూ మేమూ నెల్లూరులో ఒకే ఇంట్లో పక్కపక్క పోర్షన్లలో అద్దెకుంటాం. మధ్యనున్నది ఒక్క ఇటుక గోడ. అందుచేత నేను చెప్పబోయేదాంట్లో సగం చూసింది, సగం విన్నది. ఊహించింది ఏమీ లేదు, నాకంత తీరిక లేదు.

రూఫస్ పద్దెనిమిదో ఏట చేపల వ్యానెక్కాడు. తర్వాత ఇసుక ట్రాక్టరు, ఆ తర్వాత రొయ్యల మేత లారీ, చివరికి ఈ బస్సు. పాతికేళ్ళలో ఒక్క మనిషికి గీత పడనివ్వలేదు. స్టీరింగు అంత బాగా అదుపులో ఉండేది గానీ నోరు మాత్రం ఉండేది కాదు. తమిళనాడు లారీ అడ్డమొస్తే అరవంలో, హైదరాబాదు కారు అడ్డమొస్తే ఉర్దూలో, బర్రె అడ్డమొస్తే బర్రె గలాయన తాత దాకా పోయేవాడు. అయిదు నిమిషాలకు అంతా మర్చిపోయి, తిట్టినవాడికే టీ ఇప్పించేవాడు. ఆయన మర్చిపోయేవాడు సరే, తిట్లు తిన్నవాళ్ళకు ఆ వరం లేదు కదా.

వాళ్ళలో మొదటిది ఆయన భార్య సామ్రాజ్యం. ఆమెది దొరవారిసత్రం. సామ్రాజ్యం వండే చేపల పులుసు గురించి మా వీధిలో ఎవరినడిగినా చెప్తారు. ముందు రోజు సాయంత్రం మట్టి దాకలో వండి, మామిడికాయ ముక్కలేసి, రాత్రంతా ఊరనిచ్చి, మర్నాడు తీస్తుంది. మూడేళ్ళ కిందట ఈస్టరుకు ఆమె తమ్ముళ్ళిద్దరూ వచ్చినప్పుడు అట్లాగే వండింది. అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. రూఫస్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "చింతపండు ఎక్కువైంది" అన్నాడు. ఆ మాటతో ఆగి ఉంటే బాగుండేది. అన్న మాట ఆయనకే కోపం తెప్పించింది. లేచి, దాకను రెండు చేతులా ఎత్తుకుపోయి, మునగచెట్టు కింద బోర్లించి వచ్చాడు. దాక రెండు ముక్కలైంది. వీధిలో కుక్కలకు కూడా ఆ రోజు ఈస్టరు అయింది. బావమరుదులు చేతులు కూడా కడుక్కోకుండా, వేళ్ళకు మెతుకులుండగానే బస్టాండుకు పోయారు. మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

సామ్రాజ్యం ఏడవలేదు, గొడవ పెట్టుకోలేదు. పులుసు వండడం మానేసిందంతే. మొగుడితో మాట్లాడడం కూడా కూడికలు తీసివేతల వరకే: "అన్నం పెట్టినా." "గ్యాసు అయిపోయింది." ఆయన శీలావతి తెచ్చినా వేపుడే, కొరమేను తెచ్చినా వేపుడే. గోడకు ఇవతల ఆ మూకుడు చప్పుడు వింటూ నేను, ఈ మనిషి ఒక్క మాట అడిగితే సరిపోయేదానికి చేపల జాతినంతా వేయించుకు తింటున్నాడే అనుకునేదాన్ని.

అట్లా రెండేళ్ళు గడిచాక సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో పందిరేసి మూడు రోజులు పరిశుద్ధత సభలు పెట్టారు. రూఫస్ వాళ్ళు బాప్టిస్టులు, తాతల నాటి నుంచీ. ఈ సభలు వేరేవాళ్ళవి. ఆ ప్రసంగీకుడు చెప్పిందేమంటే, రక్షణ పొందడం మొదటి మెట్టు మాత్రమే, దాని తర్వాత రెండో ఆశీర్వాదం ఒకటుంది, అది ఒక్క క్షణంలో వస్తుంది, వచ్చినప్పుడు పాపం కొమ్మలతో కాదు వేరుతో సహా ఊడిపోతుంది అని. మూడో రోజు రూఫస్ ముందుకు పోయి మోకరించాడు. లేచేసరికి కోపం వేరు ఊడిపోయింది. ఊడిపోతున్నప్పుడు పన్ను పీకినట్టు తెలిసిందని కూడా చెప్పాడు.

అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. మా ప్లాంటు గేటు దగ్గర పెద్ద బోర్డుంటుంది: 'ప్రమాదము లేకుండా గడిచిన దినములు'. దాని కింద అంకెల రేకులు తగిలిస్తారు. రోజూ పొద్దున్నే ఆ అంకె మార్చేది సేఫ్టీ డిపార్టుమెంటులో పనిచేసే పెంచల్. మా బస్సులోనే వస్తాడు. రూఫస్ ఆయన్ని బతిమాలి పాత రేకులు కొన్ని తెచ్చుకున్నాడు. డ్రైవరు సీటు వెనక, మేమంతా చూసేటట్టు, ఒక బోర్డు వేలాడదీశాడు. మొదట 'పాపము లేకుండా' అని రాయించబోతే వాళ్ళ పాస్టరు హెన్రీ గారు ఆపారు. పాపమంటే చాలా పెద్ద వ్యవహారం, నువ్వు కోపంతో సరిపెట్టుకో నాయనా అన్నారట. దాంతో బోర్డు మీద 'కోపము లేకుండా గడిచిన దినములు' అయింది.

ఆ మర్నాటి నుంచి మా కష్టాలు మొదలయ్యాయి. హారన్ కొట్టడమంటే ఇనుముతో తిట్టడమేనని రూఫస్ కనిపెట్టాడు. బొగ్గు టిప్పర్లు, పోర్టు ట్రైలర్లు, గొర్రెల మందలు, అన్నీ ముందుకు దూరేవి. ఆయన చిరునవ్వుతో ఆగేవాడు. ఒకనాడు నడిరోడ్డు మీద పడుకున్న బర్రెకోసం పదిహేను నిమిషాలు ఆగాం. చివరికి మేమే దిగి దాన్ని లేపాం. షిఫ్టు ఇన్‌ఛార్జి మా ఆలస్యానికి కారణం రాయమంటే నేను 'డ్రైవరు పరిశుద్ధత' అని రాసి సంతకం పెట్టాను. ఆయన నన్ను పిలిపించి బీపీ చూపించుకున్నాడు.

ఇది చాలదన్నట్టు మా బస్సులో జయకుమార్ అని ఒకడున్నాడు. కంట్రోల్ రూములో ఉద్యోగం. చెవిలో ఎప్పుడూ ప్రసంగాలే, ఫోన్లో కాల్విన్ అనే పాతకాలపు మతగురువు బోధ విని విని మనిషి ముదిరిపోయాడు. బోర్డు చూసిన మొదటి రోజే లేచి నిలబడ్డాడు. మనిషి పరిశుద్ధుడు కావడం ఒక్క పూటలో అయ్యే పని కాదు, దేవుడు ఎన్నుకున్నవాడిలో ఆయనే మొదలుపెట్టి చచ్చేదాకా చేస్తూ పోయే పని, చచ్చేలోపల అది పూర్తయిందని చెప్పేవాడికి తన సంగతే తెలియదు అన్నాడు. రూఫస్ అద్దంలోంచి చూసి నవ్వాడు. దేవుడు పూర్తి చేయలేడా అని అడిగాడు. చేయగలడు గానీ ఈ లోకంలో చేస్తానని చెప్పలేదన్నాడు జయకుమార్. అట్లా ముత్తుకూరు వచ్చేదాకా సాగింది.

అసలు తమాషా ఏమిటంటే బాప్టిస్టులు సగం కాల్విన్ మనుషులే. ఒకసారి రక్షణ పొందినవాణ్ణి దేవుడు జారిపోనివ్వడని వాళ్ళ నమ్మకం, అది కాల్విన్ దగ్గర్నుంచి వచ్చిందే. రూఫస్ కొత్తగా పట్టుకొచ్చిన సంపూర్ణ పరిశుద్ధత మెథడిస్టుల గురువు వెస్లీ వైపు నుంచి వచ్చింది. ఆ వైపు వాళ్ళ లెక్కలో మనిషి పరిశుద్ధుడూ కావచ్చు, జారనూ జారవచ్చు. జయకుమార్ దాన్ని ఇట్లా చెప్పాడు: "రూఫసన్నా, నువ్వు కాల్విన్ టికెట్టు తీసుకుని వెస్లీ బస్సు ఎక్కినావు. కండక్టరు వస్తే ఏం చూపిస్తావు?" బస్సంతా నవ్వింది. రూఫస్ కూడా నవ్వి, ఆ రోజుకు రేకు మార్చాడు.

అయితే ఈ జయకుమార్ తక్కువవాడేం కాదు. పాపం చచ్చేదాకా ఉంటుందన్న సిద్ధాంతాన్ని సెలవు చీటీలాగా జేబులో పెట్టుకు తిరిగేవాడు. టీ చల్లారిందని క్యాంటీను వాళ్ళ మీద విరుచుకుపడి, ఇదేంటయ్యా అంటే, "పాత స్వభావం అక్కా, ఇంకా పని జరుగుతుండాది" అనేవాడు. ఒకడేమో పని అయిపోయింది కాబట్టి తప్పు ఒప్పుకోడు, ఇంకొకడేమో పని అవుతూ ఉంది కాబట్టి తప్పు మానుకోడు. మా లూథరన్లకు ఈ గొడవ లేదు. మేం పాపులమూ మేమే, నీతిమంతులమూ మేమే, ఒక్క చొక్కాలో ఇద్దరం. అందుకే మాకు చొక్కా ఎప్పుడూ బిగుతుగా ఉంటుంది. హెన్రీ పాస్టరు గారిదేమో మధ్యదారి. కోపం చావదు, అట్లాగని దానికి లొంగిపోనూ అక్కర్లేదు, మనల్ని ప్రభువుకు అప్పగించుకుంటే ఆయన దాని మీద మూతపెట్టి కూర్చుంటాడని. నాకు ఆ మాట బాగానే ఉందనిపించింది గానీ, రూఫస్ ముఖం చూసినప్పుడల్లా ఆ మూత గడగడలాడుతున్నట్టే ఉండేది.

ఆదివారం ఆదివారం గుడిలో సాక్ష్యాల సమయం వస్తే రూఫస్ లేచేవాడు. "నూట పదమూడు." "స్తోత్రం" అనేవాళ్ళు అందరూ. "రెండువందల నాలుగు." "స్తోత్రం." ఆడవాళ్ళ వైపు సామ్రాజ్యం మాత్రం తల పైకెత్తి ఫ్యాను రెక్కలు చూస్తుండేది. వందో రోజున ఆయన మంచి కొరమేను, రెండు మామిడికాయలు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. ఆమె చేపను వేయించింది, మామిడికాయలు పచ్చడి చేసింది. రెండువందలో రోజున కొత్త మట్టి దాక కూడా తెచ్చాడు. ఆమె దాంట్లో ఉప్పు పోసుకుంది.

ఆ రోజు గోడ మీదుగా రూఫస్ నన్ను పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు. "కరుణక్కా, ఇన్ని దినాలుగా ఒక్క మాట తూలలేదే నేను. ఇంకేం చేయాలంటావు?" నాకు పాపమనిపించింది. ఒక్క దాక పులుసు కోసం మనిషి తనను తాను ఇంతగా బిగించుకున్నాడు. నిజానికి పులుసు కోసం కూడా కాదు. ఆమె మళ్ళీ తనను చూసి నవ్వాలని. నువ్వు ఆమెను క్షమించమని అడిగినావా అన్నాను. ఆయన ఆశ్చర్యపోయాడు. దేవుడు క్షమించి, వేరుతో సహా పీకేశాక, ఆ పాత రూఫసే లేడు కదా, లేనివాడి తరఫున నేనెట్టా అడిగేదన్నాడు. పైగా ఇప్పుడు తప్పు చేశానని అంటే సాక్ష్యం చెడిపోతుందట. మొండివాడు రాజు కంటే బలవంతుడన్నారు. పరిశుద్ధుడైన మొండివాణ్ణి ఏమనాలో ఎవరూ చెప్పలేదు.

మూడువందల అరవై అయిదో రోజు ఆదివారం పడింది. గుడిలో ప్రత్యేకంగా కేకు కోస్తామన్నారు. ఏడాది నిండితే సామ్రాజ్యం ఇంక కాదనలేదని రూఫస్ ధీమా.

ముందు రోజు శనివారం, మూడువందల అరవై నాలుగు. ముత్తుకూరు దాటాక ఒక టిప్పరు మా ముందు ఆగింది. ఆగి మెల్లగా వెనక్కి రావడం మొదలుపెట్టింది. వెనక మా బస్సుంది, బస్సు వెనక ట్రైలరుంది, ఎటూ పోవడానికి లేదు. హారన్ కొట్టన్నా అని నలభై మందీ ఒకే గొంతుతో అరిచారు. కాల్విన్ మనిషి, లూథరన్ నర్సు, అయ్యప్ప మాలలో ఉన్న ఇద్దరు ఎలక్ట్రీషియన్లు, ఈ ఒక్క విషయంలో అందరికీ ఒకటే సిద్ధాంతం. రూఫస్ రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి కళ్ళు మూసుకుని పాట ఎత్తుకున్నాడు. రెండో చరణంలో టిప్పరు వచ్చి మా బస్సు ముక్కును నింపాదిగా నొక్కేసింది. బంపరు వంగింది, ఒక లైటు రాలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

రూఫస్ కళ్ళు తెరిచాడు. టిప్పరు వైపు చూడలేదు. దిగి, రోడ్డు పక్కన సర్కారు తుమ్మ పొదల వెనక్కి పోయాడు. కాసేపు ఏమీ వినపడలేదు. ఆ తర్వాత వినపడింది. ఏడాదిగా దాచిపెట్టినవన్నీ, అరవంలో, ఉర్దూలో, మా నెల్లూరు మాటల్లో, కొన్ని ఎప్పుడూ విననివి కూడా. తుమ్మ కొమ్మ మీద ఒక కొంగ ఉండింది, లేచిపోయింది. టిప్పరు డ్రైవరు దిగి వచ్చి, చేతులు కట్టుకుని, గుళ్ళో నిలబడినట్టు నిలబడి విన్నాడు.

తిరిగి వచ్చినప్పుడు రూఫస్ ముఖం కడుక్కుని ఉన్నాడు. సీట్లో కూర్చుని, మనిషిని ఏమీ అనలేదు, చెట్టును అన్నాను, చెట్టుకు ఆత్మ లేదు కదా అన్నాడు. జయకుమార్ సంతోషం పట్టలేక, చూసినారా పాత స్వభావం అంటూ లేచాడు గానీ, నేను చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను. బోర్డు మీద అంకె అట్లాగే ఉంది.

అప్పుడు పెంచల్ మాట్లాడాడు. ఏడాదిగా ఈ వాదనల్లో ఒక్కసారీ కలగజేసుకోనివాడు. ఆయన కులదైవం పెనుశిల నరసింహుడు, ఆయనకు కాల్విన్‌తో పని లేదు.

"అన్నా, మా డిపార్టుమెంటులో ప్రమాదం తప్పిపోయినా సరే రాయాలనేది రూలు. ఇనుప ముక్క పైనించి పడి ఎవరికీ తగల్లేదనుకో, అదీ రాయాల. రాయకుండా అంకె పెంచుకుంటా పోయిన చోటే మనుషులు చస్తారు. సున్నా పెట్టినందుకు ఇంతవరకు ఎవురూ చావలేదు."

టిప్పరు ముందుకు జరగగానే రూఫస్ బస్సు తీశాడు. గేటు దగ్గర అందరం దిగుతున్నా ఆయన ఆ బోర్డునే చూస్తూ కూర్చున్నాడు.

తుమ్మ పొదల సంగతి సామ్రాజ్యానికి చెప్పింది నేనే. దాచను. ఆమె విని, మాటలేమేం వాడినాడని అడిగింది. నేను చెప్పగలిగినంత వరకు చెప్పాను. మూడేళ్ళలో మొదటిసారి ఆ పెదవి చివర్న ఏదో కదిలింది. రేపు నువ్వు కూడా మా గుడికి రామ్మా అంది.

పోయాను. కేకు కూడా వచ్చింది, మీద క్రీముతో 365 అని రాసి ఉంది. సాక్ష్యాల సమయం రాగానే రూఫస్ లేచాడు. ఆ రోజు సామ్రాజ్యం ఫ్యాను చూడలేదు. తల తిప్పి నేరుగా ఆయన్నే చూసింది. రూఫస్ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"సున్నా" అన్నాడు.

అలవాటు కొద్దీ గుడి మొత్తం "స్తోత్రం" అంది. అన్నాక ఏమన్నామో అర్థమై ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. హెన్రీ పాస్టరు గారు కేకు వైపు చూసి, దాని మీద ముందు రెండంకెలూ తీసేస్తే మిగిలేదీ తప్పేనని గ్రహించి, ఊరికే అందరికీ కోసి పెట్టించారు.

ఇంటికొచ్చాక నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. ఆరేసిన బట్టల్నే మళ్ళీ ఆరేస్తున్నాను, అది వేరే విషయం. రూఫస్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి పోలేదు. ఆ బోర్డు ఆయన చేతిలో ఉంది.

"సామ్రాజ్యం, ఆ రోజు దాక బోర్లేసింది తప్పు. నీ తమ్ముళ్ళ ముందర నిన్ను చిన్నబుచ్చినా. దేవుడు కొట్టేసినాడు గదా, ఇంక నిన్నడగాల్సిన పని లేదనుకున్నా. అది ఇంకా పెద్ద తప్పు. నన్ను క్షమించు."

నేను ఆరేయడం ఆపేశాను. నా చేతిలో దుప్పటి తడి ఆరిపోయేటట్టుంది.

"చేప తెచ్చినావా?" అంది సామ్రాజ్యం.

తేలేదు. ఏడాదిగా తెచ్చినవాడు ఆ ఒక్క రోజూ తేలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా మార్కెట్టుకు పరుగెత్తాడు. ఆయన వచ్చేలోపల ఆమె దాకలో ఉప్పు డబ్బాలోకి ఒంపి, దాకను మూడుసార్లు కడిగి, దొరవారిసత్రానికి ఫోన్ చేసింది.

మర్నాడు సోమవారం బస్సు షెడ్డులో ఉంది, రూఫస్‌కు పని లేదు. నాకు పని ఉంది, అయినా సెలవు పెట్టాను. కారణం దగ్గర 'కుటుంబ కార్యం' అని రాశాను. తమ్ముళ్ళిద్దరూ వచ్చారు. ముఖాలు గంటుపెట్టుకునే వచ్చారు. విస్తళ్ళు వేశారు. నాకూ ఒకటి వేశారు. సామ్రాజ్యం దాక మూత తీసింది. ఆ వాసన ఎట్లా ఉందని అడగొద్దు, చెప్తే నాకు మళ్ళీ ఆకలేస్తుంది.

రూఫస్ ఒక ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు చిన్నవయ్యాయి. నేనూ పెట్టుకున్నాను. పళ్ళు జివ్వుమన్నాయి. బావమరుదులు విస్తళ్ళ దగ్గర్నుంచి లేవడానికి సిద్ధంగా ఒక కాలు ముడుచుకున్నారు. సామ్రాజ్యం గరిటె పట్టుకుని ఆయన్నే చూస్తూ ఉంది. బాగుందని అబద్ధమాడతాడేమోనని నాకు భయమేసింది.

"చింతపండు ఎక్కువైంది" అన్నాడు రూఫస్, నెమ్మదిగా. అని, విస్తరి ముందుకు జరిపాడు. "ఇంకో గరిటె వెయ్యి."

"ఎక్కువే" అంది ఆమె. "కావాలనే వేసినా." వేస్తూ వేస్తూ నవ్వింది.

రూఫస్ మూడుసార్లు వేయించుకున్నాడు. నేను ఆయనతో పోటీ పడలేక రెండుసార్లతో ఆపాను. బావమరుదులు ముడుచుకున్న కాళ్ళు చాపుకుని తిన్నారు, తీరిగ్గా చేతులు కడుక్కున్నారు, మునగచెట్టు నీడలో చాప వేసుకుని సాయంత్రం దాకా నిద్రపోయారు.